పురుగుల పరిగె

ఒక పాత ఫైలు

మొన్న వానాకాలానికి ముందు స్రవంతి అనే అమ్మాయి సుబేదారిలో మా ఇంటికి వచ్చింది. మా పాత ఆఫీసులో కొత్తగా చేరింది. పత్తి చేలలో పురుగుల సర్వే ఇప్పుడు ఆమె పని. ఒకప్పుడు అది నా పని. చాయ్ తాగుతూ తన పరిధిలో ఉన్న ఊళ్ల గురించి ఒక్కొక్కటే చెప్పుకొచ్చి, తొర్రూరు వైపు ఒక ఊరి దగ్గర ఆగింది.

"ఆ ఊరోళ్లు మీటింగుకే వస్తలేరు సార్. గులాబీ పురుగు పోవాలంటే ఊరంతా ఒక్కసారే పత్తి కట్టె తీసెయ్యాలె గద. ఒక్కరన్న ముందుకొస్తలేరు. వాళ్ల నైజమే అంత అట. పాత ఫైల్ల రాసి ఉన్నది."

"ఏమని ఉంది?" అని అడిగాను.

ఆమె ఆ పేజీని ఫోన్లో ఫోటో తీసుకుని ఉంది. చదివి వినిపించింది. "'సొంత లాభం కనబడని చోట రైతు సహకరించడు. ఇది పరిణామ క్రమంలో మనిషికి వచ్చిన స్వభావం. మీటింగులతో ఇది మారదు.' ఎవరు రాసిండ్రో గని మంచిగ రాసిండ్రు సార్."

ఫోటోలో సంతకం పడలేదు. ఆ సంతకం నాది. ఆ మాట నోటిదాకా వచ్చింది, కానీ చెప్పలేకపోయాను. ఇంకో చాయ్ తాగమన్నాను. ఆమె వెళ్లిపోయాక మూడు రోజులు నాకు అన్నం సయించలేదు.

అందుకే ఇది రాస్తున్నాను, స్రవంతి కోసమూ, ఆమె తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాళ్ల కోసమూ. ప్రమోషన్లు, బదిలీలు, సన్మానాల సంగతులు ఇందులో ఉండవు. వాటిని చదివి బాగుపడ్డవాళ్లను నేను చూడలేదు. నేను చేసిన ఒక తప్పు ఉంది. అది ఎలా జరిగిందో తెలిస్తే మీకు పనికొస్తుంది.

అసలు పని ఏమిటంటే

ఈ ఉద్యోగంలో సగం పని మోకాళ్ల మీద కూర్చోవడమే. పొద్దున్నే మంచు ఆరకముందే చేనులోకి దిగాలి. మొక్క దగ్గర కూర్చుని ఆకు తిప్పి చూడాలి, పూత విప్పి చూడాలి, కాయ కోసి చూడాలి. పురుగు ఉంటే ఒక గీత, లేకపోతే సున్నా. అలా చేను ఒక చివర నుంచి ఇంకో చివరకు పోవాలి. ముప్పై ఏళ్లకు పైగా నేను చేసింది ఇదే. ఊళ్లలో నా పేరు ఎవరికీ తెలియదు. 'పురుగుల సారు' అంటేనే తెలిసేది.

నేను చేరిన కొత్తలో పచ్చ పురుగు రాజ్యమేలుతోంది. రైతులు మందు మీద మందు కొట్టేవారు. ముందు ఏడాది చచ్చిన మందుకు తర్వాతి ఏడాది పురుగు చచ్చేది కాదు. మందులో కల్తీ ఉందని రైతు, రైతుకు కొట్టడం రాలేదని వ్యాపారి ఒకరినొకరు తిట్టుకునేవారు. నిజం రెండింటిలోనూ కొంత ఉంది కానీ అసలు సంగతి వేరే. మందు పురుగును మార్చదు, ఏరుతుంది. మెత్తనివన్నీ చస్తాయి. ఏ కారణం వల్లనో తట్టుకున్న నాలుగు మిగులుతాయి. తర్వాతి సంతానమంతా ఆ నాలుగింటిదే.

ఈ సంగతి పుస్తకాల్లో చదివినప్పుడు నాకు అర్థమైందనుకున్నాను. దాన్ని నోటితో చెప్పడం మాత్రం తొర్రూరు వైపున్న ఆ ఊళ్లోనే నేర్చుకున్నాను. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. ఆ ఊరి పరువు ఇప్పటికే ఒకసారి తీశాను, చాలు.

ఆ రోజు చేను గట్టు మీద పదిమంది కూర్చున్నారు. నేను బొమ్మలు గీసి చెప్తుంటే సగం మంది ఆవులిస్తున్నారు. వెనక నుంచి ఒకామె లేచింది. పేరు కొమురవ్వ. నాకంటే రెండు మూడేళ్లు పెద్దదై ఉంటుంది. సొంత భూమి లేదు, కౌలుకు చేసేది.

"మేము జొన్నల మంచి కంకులు ఏరి ఇత్తనానికి పెట్టుకుంటం గద సారూ. గట్లనే ఈ మందు గూడ మంచి పురుగుల ఏరి ఇత్తనానికి పెడ్తాందా?"

అంతకంటే బాగా ఆ ముక్క ఎవరూ చెప్పలేదు నాకు. ఆ తర్వాత ఏ ఊరికి వెళ్లినా ఆమె మాటనే నా మాటగా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆమె పేరు ఎక్కడా చెప్పలేదు. నా తప్పుల్లో ఇది చిన్నది. కానీ మొదటిది.

తాళంచెవి దొరికిందనుకున్నాను

పురుగు విషయంలో ఈ సిద్ధాంతం ఎంత బాగా పనిచేసిందంటే, నాకు తల తిరిగింది. ఫలానా మందు ఇన్నేళ్లలో పనికిరాకుండా పోతుందని రాస్తే అలాగే జరిగేది. ఇంత గట్టి తాళంచెవి చేతిలో ఉన్నాక పురుగుల తలుపు ఒక్కటే తెరిచి ఊరుకుంటామా? మనుషుల తలుపులన్నీ తెరవడం మొదలుపెట్టాను.

పెళ్లిలో కట్నాలు చదివిస్తుంటే, అది రేపు తిరిగి వస్తుందన్న ఆశతో చేసే పని అనేవాడిని. కులం ఎందుకు పోదంటే గుంపు కట్టినవాడే వెనకటికి బతికాడు కాబట్టి అనేవాడిని. దానం చేస్తే పేరు కోసమని, తల్లి ప్రేమ రక్తం కోసమని, భక్తి భయం కోసమని తేల్చేవాడిని. దేనికైనా నా దగ్గర జవాబు ఉండేది. అసలు అదే అనుమానించాల్సిన విషయమని అప్పుడు తెలియలేదు. జ్వరానికీ విరిగిన కాలుకూ ఒకే గోలీ ఇచ్చే డాక్టరు దగ్గరికి మనం వెళ్తామా?

ఒక రోజు భోజనాల దగ్గర మా ఆవిడ అడిగింది. "నువ్వు చెప్పేదంతా మంచిగనే ఉన్నది. మరి నేను నిన్ను ఇన్నేండ్ల సంది ఎందుకు బరిస్తున్న? దానికేమన్న లాభం ఉన్నదా నాకు?" పిల్లలు పగలబడి నవ్వారు. నేను దానికి కూడా జవాబు చెప్పబోయాను. ఆమె చారు గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

నవ్వుకోలేని సంగతి ఇంకొకటి ఉంది. ఒక విత్తనాల దుకాణంలో ఉన్నాను. మొలకెత్తని గింజలు పట్టుకుని ఒక రైతు వచ్చాడు. దుకాణదారు నా వైపు చూపించి, "అగో, సారే చెప్పిండు మీటింగుల. తట్టుకున్నోడే బతుకుతడట. లోకమే గట్లుంటది, నేనేం జేస్త?" అన్నాడు. నేను చెప్పింది పురుగుల గురించి. అది మనుషులకు వర్తించదని ఆ నిమిషంలో అనాలి. అనలేదు. ఎందుకంటే లోలోపల నాకూ అది మనుషులకు వర్తిస్తుందనే ఉంది. ఆ రైతు నా ముఖం చూసి, గింజలు జేబులో పోసుకుని వెళ్లిపోయాడు. అతని పేరు కూడా నేను అడగలేదు.

ఏది ఎలా వచ్చిందో చెప్పడం వేరు, అది ఎలా ఉండాలో చెప్పడం వేరు. ఈ రెండింటి మధ్య గట్టును నేను దున్నేశాను. నా తర్వాత దాని మీదుగా ఎవరికి కావాల్సినట్టు వాళ్లు బండి తోలుకున్నారు.

ఐదు సాళ్లు

తర్వాత బీటీ పత్తి వచ్చింది. పురుగును చంపే గుణం మొక్కలోనే ఉంటుంది. విత్తనం ప్యాకెట్‌తో పాటు ఇంకో చిన్న ప్యాకెట్ ఇచ్చేవారు. అందులో మామూలు పత్తి గింజలు. వాటిని చేను చుట్టూ ఐదు సాళ్లు వేయాలి. ఆ ఐదు సాళ్లూ పురుగు తినడానికే.

వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ కారణం ఉంది. బీటీ మొక్కను తట్టుకున్న పురుగు ఎక్కడో ఒకటి మిగులుతుంది. దానికి జోడీగా ఇంకో మొండి పురుగే దొరికితే సంతానమంతా మొండిదవుతుంది. మామూలు పత్తి మీద పెరిగిన మెత్తని పురుగులు చుట్టూ ఉంటే, వాటితో కలిసి ఆ మొండితనం పలచబడుతుంది. అంటే కొన్ని పురుగులను బతకనిస్తేనే మొక్కలోని మందు చాలా ఏళ్లు పనిచేస్తుంది.

ఇక్కడే తిరకాసు. ఐదు సాళ్ల నష్టం వేసినవాడిది. లాభం మాత్రం ఊరందరిది. పక్కవాడు వేస్తే చాలు, నేను వేయకపోయినా నాకూ లాభమే. పక్కవాడూ అలాగే అనుకుంటాడు. చివరికి ఎవడూ వేయడు. చాలా ఊళ్లలో అదే జరిగింది. విత్తనాల దుకాణాల మెట్ల ముందు ఆ చిన్న ప్యాకెట్లు చెత్తలా పడి ఉండేవి. వాటిని చూసినప్పుడు నాకు బాధ కలగాలి. కానీ నా సిద్ధాంతం గెలిచిందని లోపల ఒక సంతోషం. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

ఒక ఊరిని తీసుకుని రైతుల చేత ఆ సాళ్లు వేయించి చూడాలని మా ఆఫీసుకు పని అప్పగించారు. నేను ఆ ఊరినే ఎంచుకున్నాను. మొదటి ఏడాది ఒక్కరూ వేయలేదు. రెండో ఏడాది మీటింగులో కొమురవ్వ మళ్లీ లేచింది.

"సారూ, కోతలైనంక రాలిన కంకులు మనం ఊడ్సుకపోం గద. లేనోళ్లు పరిగె ఏరుకుంటరని ఇడుస్తం. ఇది గూడ గంతే. పురుగుల పరిగె."

జనం నవ్వారు. కానీ ఆ పేరు నిలిచిపోయింది. నేను ఏడాదంతా పలికిన పెద్ద పెద్ద మాటలు ఒక్కరికీ గుర్తులేవు. 'పురుగుల పరిగె' మాత్రం వారం లోపే ఊరంతా పాకింది.

ఆ ఊరి నీరటి సాంబయ్య. చెరువు నీళ్లు ఎవరి మడికి ఎప్పుడు వదలాలో చూసేవాడిని నీరటి అంటారు. ఆయన ఇంకో మాట చెప్పాడు. "ఒక్కొక్కడు తన సేను సుట్టు ఏసుడంటే అయ్యేది గాదు సారూ. చిన్న చిన్న తుకడాలు, అన్ని ఆనుకోని ఉంటయి. ఐదు సాళ్లు వోతే ఏం మిగులుతది? నీళ్లకు వంతు ఉన్నట్టు దీనికి గూడ వంతు పెడ్దాం. ఈ యాడాది ఈ దిక్కు నలుగురు అందరి పేరు మీద ఏస్తరు. వచ్చే యాడాది ఇంకో నలుగురు."

అలాగే జరిగింది. ప్యాకెట్లలో వచ్చే గింజ సరిగా మొలవడం లేదని, మంచి మామూలు పత్తి గింజలు మేమే తెచ్చి ఇచ్చాం. నాలుగైదు చేలు కలిసే చోట, పొడవాటి పట్టీలుగా ఊరంతటి సాళ్లు మొలిచాయి. సాంబయ్య కర్ర పట్టుకుని చెరువు కట్ట మీద నుంచి దిగి వాటిని చూసి వెళ్లేవాడు. ఎవరైనా వాటి మీద మందు కొడితే, "ఏందిరా, పరిగె గూడ మింగుతవా?" అనేవాడు. ఆ ఒక్క మాట చాలేది.

మూడో ఏడాది వంతు కొమురవ్వకు వచ్చింది. ఆ ఏడాదితో ఆమె కౌలు అయిపోతోంది. భూమి ఆసామి తనే చేసుకుంటానన్నాడు. అయినా ఆమె తన వంతు సాళ్లు వేసింది. ఈ సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. రేపు ఆ చేను ఆమెది కాదు. పురుగు మెత్తగా ఉన్నా, మొండిదైనా ఆమెకు ఒరిగేదేమీ లేదు. పేరు కోసమా అంటే, చేను వదిలేసే మనిషికి ఆ పేరెందుకు?

"ఎందుకు వేశావు కొమురవ్వా?" అని అడిగాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "నా వంతు గద సారూ."

"వచ్చే ఏడాది నువ్వు ఈ చేనులో ఉండవు కదా?"

"నేనుండ. సేను ఉంటది గద."

ఆ మాటలు నా నోట్‌బుక్కులో రాసుకున్నాను. సాయంత్రం ఆఫీసుకు వచ్చాక వాటి మీద అడ్డంగా గీత కొట్టాను. పక్కన 'లెక్కలోకి రాదు' అని రాశాను.

గడిలో పట్టని ఊరు

నివేదికకు సమయం వచ్చింది. ఫారం పైనుంచి వచ్చింది. ఒక్కో రైతుకు ఒక్కో కాగితం. అందులో ఒక ప్రశ్న: 'రైతు తన చేను చుట్టూ ఐదు వరుసలు వేశాడా?' పక్కన రెండు గడులు, అవును, లేదు.

చూడండి ఎంత చిన్న విషయమో. ఆ ఊళ్లో ఎవరి చేను చుట్టూ వాళ్లు వేయలేదు. అందరూ కలిసి ఒక చోట వేశారు. కాబట్టి ఒక్కొక్కరి కాగితంలో జవాబు 'లేదు'. వంతు ప్రకారం వేసిన నలుగురికి కూడా పూర్తిగా 'అవును' రాదు, ఎందుకంటే సాళ్లు చుట్టూ లేవు, ఒక పక్కనే ఉన్నాయి. ఊరంతా చేసిన పని, ఒక్కొక్కరినీ విడదీసి అడిగితే మాయమైపోయింది.

ఇది నాకు తెలియక జరిగితే ఇంత రాయను. నాకు తెలుసు. కింద నాలుగు వాక్యాలు రాయడానికి చోటు కూడా ఉంది. అక్కడ ఈ వంతుల సంగతి రాయొచ్చు. కానీ ఆ 'లేదు'లన్నీ ఒకదాని కింద ఒకటి చూసేసరికి, నేను ఎప్పటి నుంచో చెప్తున్న మాట రుజువైనట్టు అనిపించింది. మనిషి తన లాభమే చూసుకుంటాడు. అదిగో లెక్క! కింద ఉన్న చోటులో మొన్న స్రవంతి చదివి వినిపించిన ఆ వాక్యాలు రాశాను. కళ్లకు కనిపించిన కొన్ని సాళ్లు నేను తరచూ వెళ్లడం వల్ల వేసినవని, వెళ్లడం మానేస్తే అవీ పోతాయని కూడా రాశాను.

అప్పటి మా పెద్ద సారు శ్రీహరి గారు. మాట తక్కువ మనిషి. నివేదిక చదివి అద్దాలు తీసి అడిగారు. "ఆ ఊళ్ల ఒకామె వేసిందన్నవు గదా?"

"ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి సార్. ఒక్కరితో లెక్క మారదు."

"పురుగు గురించి నువ్వు రాసింది కండ్లు మూసుకోని నమ్ముత. పురుగు నీ రిపోర్టు సదువది. మనిషి సదువుతడు. ఇంకోసారి పోయి అడిగిరా జర."

అవసరం లేదన్నాను. అరగంట సిద్ధాంతం చెప్పాను. ఆయన రిటైర్మెంటుకు రెండు నెలలే ఉంది, అలసిపోయి ఉన్నారు. సంతకం పెట్టారు. ఆయనను తప్పుపట్టాలని ఉంటుంది ఒక్కోసారి. తిలా పాపం తలా పిడికెడు అంటారు కదా. కానీ ఇందులో ఆయన పిడికిలి చాలా చిన్నది.

ఆ పథకం ఆ ఊళ్లో ఆగిపోయింది. గింజలు ఇవ్వడం ఆగిపోయింది. తర్వాత తొర్రూరులో పెద్ద మీటింగు పెట్టారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా వచ్చారు. ఫలితాలు చెప్పమని నన్ను లేపారు. "మూడేళ్లు చెప్పి చూశాం, ఎవరూ వేయలేదని తేలింది" అని మైకులో అన్నాను.

ఆడవాళ్ల వరుసలోంచి కొమురవ్వ లేచింది. అప్పటికి ఆమె కౌలు పోయింది, కూలికి పోతోంది. అయినా వచ్చింది.

"మేము ఏసినం గద సారూ. నువ్వే గద గింజలిచ్చినవు. నువ్వే గద మోకాళ్ల మీద కూసోని సూసినవు."

ఆమె కోపంగా అనలేదు. నేను మర్చిపోయానేమోనని గుర్తుచేస్తున్నట్టు అంది. అప్పుడైనా సరిదిద్దుకోవచ్చు. అంతమంది ముందు తగ్గడం నాకు చేతకాలేదు.

"నువ్వు వేసినవులే అవ్వా. ఒక్కరి లెక్క లెక్క కాదు" అన్నాను.

హాలంతా నవ్వింది. పక్క ఊరివాడెవడో, "పురుగులకు అన్నం పెట్టిన మాలచ్చిమి" అన్నాడు. ఇంకా నవ్వారు. కొమురవ్వ కొంగు సర్దుకుని కూర్చుంది. ఆ ఊళ్లో ఆమె మాట మీద సాళ్లు వేసినవాళ్లు ఆమె చుట్టూనే ఉన్నారు. వాళ్లెవరూ తల ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. నన్ను నాలుగు తిడితే ఇంకా బాగుండేది.

నా మాటే నిజమైంది

కొన్నేళ్లకు గులాబీ పురుగు వచ్చింది. కాయ బయట ఏమీ కనిపించదు, లోపల గింజ తినేస్తుంది. పూలు విచ్చుకోకుండా ముడుచుకుపోతాయి. రైతులు వాటిని గుడ్డి పూలు అంటారు. పొద్దున్నే చేనులోకి దిగితే ఎటు చూసినా గుడ్డి పూలే. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చిన పత్తిలో మచ్చలు చూసి వ్యాపారులు పెదవి విరిచేవారు.

ఆ ఊళ్లో సాళ్లు కొనసాగి ఉంటే ఈ పురుగు వచ్చేది కాదని నేను చెప్పను. అది అబద్ధం. ఒక్క ఊరు చేస్తే ఆగే పురుగు కాదు అది. నేను నాశనం చేసింది ఆ సాళ్లను కాదు, వాటి కంటే విలువైనదాన్ని.

గులాబీ పురుగుకు ఉన్న మంచి మందు ఊరంతా ఒక్కటిగా నడవడం. అందరూ ఒకేసారి పంట ముగించాలి, అందరూ చేనులో మిగిలిన పత్తి కట్టె తీసేయాలి. ఒక్క చేను ఉంచినా పురుగు అందులో దాక్కుంటుంది. ఇలాంటి పని చేయగలిగిన ఊరు ఏదైనా ఉందా అని ఆలోచిస్తే నాకు మొదట గుర్తొచ్చింది ఆ ఊరే. నీళ్ల వంతు తెలిసిన ఊరు, పరిగె వదిలే ఊరు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి వెళ్లాను.

మీటింగు పెడితే నలుగురే వచ్చారు. సాంబయ్య చెప్పులు కూడా విప్పకుండా గుమ్మం దగ్గరే నిలబడి విన్నాడు.

"మేము కలిసి చేసేటోళ్లం గాదని మీరే రాసిండ్రు గద సారూ," అన్నాడు. "సదువుకున్నోళ్లు రాసినంక అబద్ధమెట్లైతది? మా పోరగాండ్లు గూడ గదే అంటాండ్రు. మనోళ్లు గింతే అని."

ఆ 'మనోళ్లు గింతే' అనే మాట ఆ ఊళ్లో అంతకుముందు లేదు. అది నేను వేసిన విత్తనం. మామూలు పత్తి గింజలు ఇవ్వడం ఆపేసి ఇది ఇచ్చి వచ్చాను. బాగా మొలిచింది.

ఇప్పుడు నన్ను ఎవరైనా అడుగుతారు, పరిణామ సిద్ధాంతంతో సమాజాన్ని, నీతిని అర్థం చేసుకోవచ్చా అని. కొంతవరకు అవుననే అంటాను, ఇప్పటికీ. సాంబయ్య 'పరిగె గూడ మింగుతవా' అంటే మొహం ఎందుకు ఎర్రబడుతుందో, మోసం చేసినవాడిని చూస్తే ఒళ్లెందుకు మండుతుందో, దానికి వెనక పెద్ద చరిత్ర ఉండే ఉంటుంది. మనమూ ప్రాణులమే, ఆకాశం నుంచి ఊడిపడలేదు. 'పురుగుల పరిగె' అన్న మాట ఊరంతా పాకి, నా మాటలు ఎందుకు చచ్చాయో కూడా ఆ లెక్కతో కొంత చెప్పొచ్చు. కానీ ఫలానా ఊళ్లో ఫలానా మనిషి రేపు ఏం చేస్తుందో అది చెప్పదు. చెప్తుందని నమ్మినవాడు ఆ మనిషిని అడగడం మానేస్తాడు. నేను మానేశాను. పైగా పురుగును 'నువ్వు స్వార్థపరుడివి' అని తిడితే దానికేమీ కాదు. మనిషిని పదిసార్లు అంటే, పదకొండోసారికి అలాగే అవుతాడు. శ్రీహరి గారు చెప్పింది ఇదే. అర్థం కావడానికి నాకు ఉద్యోగమంతా పట్టింది.

అడిగి రాయాలి

మూడు రోజుల తర్వాత స్రవంతికి ఫోన్ చేసి చెప్పాను, ఆ ఫైల్లో రాసింది నేనేనని, అది తప్పని. "మరి ఇప్పుడెట్ల సార్?" అంది. ఇద్దరం కలిసి ఆ ఊరికి వెళ్లాం.

కొమురవ్వ ఇంటి ముందు నీడలో కూర్చుని చింతకాయ కొడుతోంది. చూపు తగ్గింది. నా గొంతు విని గుర్తుపట్టింది.

"పురుగుల సారువేనా? ముసలోడివైనవు గదా."

నా పాత నోట్‌బుక్ తీసుకెళ్లాను. గీత కొట్టిన ఆ పేజీ చదివి వినిపించాను. 'నేనుండ. సేను ఉంటది గద.' తప్పు రాశానని, ఆ రోజు మీటింగులో అన్న మాట అనకుండా ఉండాల్సిందని, క్షమించమని చెప్పాను. స్రవంతి తల తిప్పుకుంది.

కొమురవ్వ చింతగింజలు పక్కకు నెడుతూ కూర్చుంది. "నాదేమున్నది సారూ. నేను కూలిదాన్ని. నవ్వితే నవ్విండ్రు. సాంబన్న సచ్చిపోయిండు. ఊరు కలుస్తదని మస్తు సంబురపడ్డడు ఆయన. ఆఖరికి గూడ గదే అన్నడు, మనం ఏసింది గూడ ఏయలేదని రాసిండ్రు కొమురక్కా అని. ఆయనకెట్ల చెప్తవు?"

అన్నింటికీ జవాబు ఉన్న మనిషిని, అప్పుడు చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాను.

స్రవంతి నెమ్మదిగా అడిగింది. "అవ్వా, ఈసారి కట్టె తీసుడు అందరు కలిసి చేస్తరా? నువ్వు చెప్తే వింటరా?"

"నేను చెప్ప బిడ్డా. ఒక్కపారి చెప్పిన, అయ్యింది." ఆమె మళ్లీ చింతకాయ అందుకుంది. కొంచెం కొట్టాక అంది, "సాంబన్న కొడుకు ఉన్నడు. ఆని దగ్గరికి పో. గని రాసేటప్పుడు మమ్ముల అడిగి రాయి. రాసినంక మాకు సదివి ఇనిపియ్యి."

స్రవంతి రాసుకుంది. అంతలో కొమురవ్వ నా వైపు తిరిగింది. "నువ్వు గూడ రాయి సారూ. మేము ఏసినమని రాయి. సాంబన్న కొడుకు సదువుతడు."

రిటైరైనవాడు పాత ఫైలును ముట్టుకోలేడు. కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఇది అచ్చయ్యాక మొదటి కాపీ ఆ ఇంటికి వెళ్తుంది. ఆ మూడేళ్లలో చివరి రెండేళ్లు ఆ ఊరి రైతులు పురుగుల పరిగె వేశారా అన్న ప్రశ్నకు, నేను 'లేదు' అని గీత పెట్టిన ప్రతి కాగితం మీదా అసలు జవాబు ఇది: అవును. వేశారు. నేను మోకాళ్ల మీద కూర్చుని కళ్లారా చూశాను.